హ్యామక్‌లో నిద్ర పట్టడం లేదా? ముందు వీపు కింద చూడండి

అక్టోబర్‌లో అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, రెండు చెట్ల మధ్య కట్టుకునే బట్ట ఉయ్యాలలో, అంటే హ్యామక్‌లో, నా మొదటి రాత్రి. మంచి స్లీపింగ్ బ్యాగ్‌లోనే దూరాను. అర్ధరాత్రి దాటేసరికి ఛాతీ వెచ్చగానే ఉంది కానీ నడుము, భుజాల కింద మాత్రం ఐసు గడ్డ పెట్టినట్టయింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమితే బ్యాగ్ కింది భాగం అప్పడంలా అణిగిపోయి ఉంది.

సమస్య: పైన వెచ్చగా, వీపుకి చల్లగా

కారణం అదే. మనల్ని వెచ్చగా ఉంచేది బ్యాగ్‌లోని ఈకలు కాదు, ఈకల మధ్య నిలిచిన గాలి. మన బరువుకి అవి నలిగితే ఆ గాలి పోతుంది. పైగా హ్యామక్ కింద నుంచి చల్లగాలి వీస్తూనే ఉంటుంది.

పరిష్కారం అండర్‌క్విల్ట్. ఇది హ్యామక్‌కి బయట, కింద వేలాడే బొంత. మన బరువు దాని మీద పడదు కాబట్టి నలగదు. అది ఉన్నా చలేస్తోందంటే మధ్యలో ఖాళీ ఉన్నట్టే. మీరు పడుకుని, పక్కవాళ్లని హ్యామక్‌కీ బొంతకీ మధ్య చెయ్యి పెట్టి చూడమనండి. వేళ్లు ఆడేంత జాగా ఉంటే బొంత తాళ్లు కాస్త బిగించాలి. మరీ బిగిస్తే మళ్లీ నలుగుతుంది.

డబ్బు ఒక్క వస్తువుకే ఉంటే దీనికే పెట్టమంటాను. పైన కప్పుకోవడానికి ఇంట్లో ఉన్న స్లీపింగ్ బ్యాగ్ జిప్ విప్పి పరుచుకున్నా సరిపోతుంది. అండర్‌క్విల్ట్ కొనలేకపోతే ఫోమ్ మ్యాట్ తీసుకోండి. అది నిద్రలో జారిపోతుంది కాబట్టి రెండు పొరల హ్యామక్ అయితే పొరల మధ్య దూర్చండి.

ఎంత చలికి కొనాలి? స్మోకీస్‌లో కొండ కిందికీ పైకీ 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది. కొండ కింద ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊరి వాతావరణం చూసి పైన క్యాంపుకి సామాను సర్దకండి. పైన రాత్రి ఎంతకి పడిపోతుందో చూసి, దానికి మరో 10 డిగ్రీలు తక్కువకి పనికొచ్చేది తీసుకోండి.

సమస్య: మోకాళ్లు, మెడ పట్టేస్తున్నాయి

హ్యామక్‌ని బట్టలారేసే తాడులా బిగించి కట్టి ఉంటారు, లేదా అది పొట్టిది అయి ఉంటుంది. మన ఇళ్లలో చంటిపిల్లలకి కట్టే చీర ఉయ్యాల ఎంత వదులుగా వేలాడుతుందో గుర్తుచేసుకోండి. హ్యామక్‌ని చెట్లకి కట్టే పట్టీలు 30 డిగ్రీల వాలులో ఉండాలి. ఆ వాలులో 80 కిలోల మనిషి పడుకుంటే ఒక్కో పట్టీ మీద దాదాపు 80 కిలోల లాగుడు పడుతుంది. 10 డిగ్రీలకి బిగిస్తే అదే 230 కిలోలు దాటుతుంది.

పడుకోవడం కూడా నిలువుగా కాదు, ఏటవాలుగా: తల ఒక పక్కకి, కాళ్లు రెండో పక్కకి. అప్పుడే వీపు చదునుగా ఉంటుంది. దీనికి 9 అడుగుల చవక హ్యామక్ చాలదు, 11 అడుగులది కావాలి. రెండు కొసల్నీ కలుపుతూ పైన కట్టే రిడ్జ్‌లైన్ తాడు హ్యామక్ పొడవులో 83 శాతం, అంటే 11 అడుగులదానికి సుమారు 9 అడుగులు ఉంటే, ప్రతి రాత్రీ ఒకే వంపు వస్తుంది. నిద్రలో కాళ్ల వైపు జారిపోతుంటే ఆ కొసని తల వైపు కంటే జానెడు ఎత్తులో కట్టండి.

సమస్య: తెల్లారేసరికి నడుము నేలని తాకుతోంది

నైలాన్ పట్టీలు సాగుతాయి, తడిస్తే ఇంకా. పాలిస్టర్‌వి కొనండి. అంగుళానికి తగ్గని వెడల్పు ఉంటే చెట్టు బెరడు కూడా దెబ్బతినదు.

సమస్య: టార్ప్ ఉన్నా హ్యామక్ తడుస్తోంది

టార్ప్ అంటే హ్యామక్ పైన కప్పులా కట్టే వాన పట్టా. అది ఉన్నా వాన నీళ్లు చెట్టు మీంచి పట్టీ వెంట లోపలికి పాకుతాయి. టార్ప్ నీడలోనే పట్టీకి చిన్న దారం ముక్క కట్టి వేలాడదీయండి. నీళ్లు అక్కడే కిందికి కారిపోతాయి. టార్ప్ రెండు కొసల్లోనూ హ్యామక్ కంటే అరడుగైనా పొడవుండాలి.

సమస్య: కింద నుంచి దోమలు కుడుతున్నాయి

పల్చటి బట్టలోంచి దోమ ముక్కు దిగుతుంది. వేసవిలో మొత్తం హ్యామక్‌ని చుట్టేసే వల తీసుకోండి.

కట్టే ముందు

స్మోకీస్ బ్యాక్‌కంట్రీలో, అంటే రోడ్లకి దూరంగా ఉన్న లోపలి అడవిలో, హ్యామక్ కట్టేది నిర్దేశించిన క్యాంప్‌సైట్లలోనే. నడిచేవాళ్లు తలదాచుకోవడానికి కట్టిన షెల్టర్ లోపల కట్టకూడదు, దాని స్తంభాలకీ కట్టకూడదు. తిండి సామాను హ్యామక్‌లో ఉంచుకోకండి, ఎలుగుబంట్లు ఉన్న అడవి అది. సైట్లలో దాన్ని వేలాడదీయడానికి కేబుళ్లు ఉంటాయి.

ఆ తర్వాత తల ఎత్తి చూడండి. 2002లో ఈ పార్కులో బయటపడ్డ ఊలీ అడెల్జిడ్ అనే చిన్న పురుగు వల్ల హెమ్లాక్ చెట్లు ఎన్నో నిలువునా ఎండిపోయాయి. అలాంటి ఎండు కొమ్మ విరిగి మీద పడొచ్చు. ఆకు లేని కొమ్మ పైన కనిపిస్తే, చీకటి పడుతున్నా సరే, అదే సైటులో మరో జత చెట్లు వెతుక్కోండి.