సిగ్‌ట్రాన్ నేర్చుకుందాం – 4: లింకు లేచింది, కాల్ మాత్రం కదలదు

సిగ్‌ట్రాన్ అంటే కాల్స్‌ని కలిపే, తెంచే సిగ్నలింగ్ సందేశాలను ఐపీ నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి. అందులో ఆ సందేశాలను మోసే ప్రోటోకాల్ ఎస్‌సీటీపీ. టీసీపీ ఉండగా అదెందుకొచ్చిందో పోయిన పాఠంలో చూశాం. ఒక కాల్ తాలూకు ప్యాకెట్ దారిలో పోతే, దానితో సంబంధం లేని మిగతా కాల్స్ ఆగిపోకూడదు. అందుకే ఒకే అసోసియేషన్‌లో (అంటే రెండు కొసల మధ్య ఎస్‌సీటీపీ కనెక్షన్‌లో) వేర్వేరు స్ట్రీములు. ఈసారి ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచి, లింకు లేచే తీరును చదువుదాం. ఒక కొసన ఎంఎస్‌సీ (మొబైల్ కాల్స్‌ని కలిపే స్విచ్), రెండో కొసన సిగ్నలింగ్ గేట్‌వే (పాత సిగ్నలింగ్ నెట్‌వర్క్‌ను ఐపీతో కలిపేది), మధ్యలో ఎస్‌సీటీపీ మీద నడిచే ఎం3యూఏ అనే ప్రోటోకాల్.

మొదట కనిపించాల్సిన సందేశాలు నాలుగు: ఇనిట్, ఇనిట్ యాక్, కుకీ ఎకో, కుకీ యాక్ (యాక్ అంటే అందిందనే జవాబు). ఇనిట్ అందగానే గేట్‌వే తన మెమరీలో ఏమీ దాచుకోదు. కావలసిన వివరాలన్నీ కుకీలో పెట్టి, తన రహస్య కీతో ముద్ర వేసి, అడిగినవాడికే పంపేస్తుంది. ఆ కుకీ చెక్కుచెదరకుండా తిరిగొస్తేనే చోటు కేటాయిస్తుంది. దొంగ ఐపీ అడ్రసులతో ఎవరైనా ఇనిట్‌లు గుమ్మరించినా దాని మెమరీ నిండిపోదు.

ఇనిట్ మళ్లీ మళ్లీ వెళ్తోంది, జవాబు లేదు. ఇలాంటప్పుడు నేనైతే ముందు ఫైర్‌వాల్‌నే అనుమానిస్తాను. ఎం3యూఏ కోసం ‘2905 పోర్టు తెరవండి’ అని మెయిల్ పెడితే అవతలి టీమ్ అలవాటుగా టీసీపీకి తెరిచేస్తుంది. ఎస్‌సీటీపీ విడి ప్రోటోకాల్, ఐపీ హెడర్‌లో దాని నంబరు 132. మెయిల్‌లో ఆ నంబరు కూడా రాయండి, సగం టెన్షన్ తప్పుతుంది.

సరే, కుకీ యాక్ వచ్చింది, స్క్రీన్ మీద లింకు పచ్చగా ఉంది. అయినా ఒక్క కాల్ వెళ్లదు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎస్‌సీటీపీ లేచినంత మాత్రాన ఎం3యూఏ పని మొదలైనట్టు కాదు. ఎంఎస్‌సీ వైపు ఉన్న ప్రాసెస్‌ని ఏఎస్‌పీ అంటారు. అది ముందు ‘ఏఎస్‌పీ అప్’ పంపాలి. దానికి యాక్ వస్తే నేను బతికే ఉన్నానని చెప్పినట్టు, అంతే. స్థితి ఇంకా ఇనాక్టివే. తర్వాత ‘ఏఎస్‌పీ యాక్టివ్’ పంపి, దానికీ యాక్ అందుకోవాలి. అప్పుడే గేట్‌వే ట్రాఫిక్ వదులుతుంది. సాధారణంగా వెనకే ‘ఏఎస్ యాక్టివ్’ అని నోటిఫై సందేశం కూడా కనిపిస్తుంది (ఏఎస్ అంటే ఒకే ట్రాఫిక్‌ను చూసుకునే ఏఎస్‌పీల గుంపు).

రెండో యాక్‌కు బదులు ఎర్రర్ వస్తే దాన్ని విప్పి కోడ్ చూడండి. 0x19 అంటే రౌటింగ్ కాంటెక్స్ట్ చెల్లదని. ఏ ట్రాఫిక్ ఏ ఏఎస్‌కి చెందుతుందో చెప్పే నంబరది. రెండు వైపులా ఒకటే ఉండాలి. మీ దగ్గర 100, వాళ్ల దగ్గర 10 అని ఉంటే లింకును ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. ఫోన్ చేసి అవతలి ఇంజినీర్‌తో నంబరు పైకి చదివించుకోండి.

అభ్యాసం: మీ ట్రేస్‌లో ఏఎస్‌పీ యాక్టివ్ యాక్ తర్వాత వచ్చిన మొదటి డేటా సందేశాన్ని పట్టుకోండి. దాని స్ట్రీమ్ నంబరు రాసుకోండి. అది సున్నా కాకూడదు, ఎం3యూఏ నియమం ప్రకారం సున్నా స్ట్రీమ్‌లో డేటా పంపరాదు. లోపల ఓపీసీ (పంపినవారి కోడ్), డీపీసీ (అందుకునేవారి కోడ్), ఎస్ఎల్ఎస్ (ఏ లింకులో వెళ్లాలో ఎంచే నంబరు) విలువలు వెతకండి. తర్వాత వెనక్కి వెళ్లి, ఇనిట్ లోపల ఎన్ని ఐపీ అడ్రసులు ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు ఉంటే, ఆ రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి వెళ్తున్నాయేమో కనుక్కుని ఉంచండి. వచ్చే పాఠంలో మల్టీహోమింగ్ (ఒకే అసోసియేషన్‌కు ఒకటికి మించి ఐపీ అడ్రసులు వాడటం) మొదలుపెట్టేది అక్కడినుంచే.