ఆకుల సారం సరే, ముందు చేతుల సంగతి

కళాశాలలు తెరవగానే మైక్రోబయాలజీ విద్యార్థులు వేపాకు, జామాకు, దానిమ్మ తొక్కలు సంచులకెత్తుకొస్తారు. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాల బ్యాక్టీరియాను వీటి సారం ఎంతవరకు అడ్డుకుంటుందో చూడాలన్న ఉత్సాహం నాకూ ఇష్టమే. అయితే అందరి ధ్యాసా సారం మీదే ఉంటుంది, ప్లేటులో పెరుగుతున్నది నిజమైన రోగక్రిమి అన్న సంగతి మరుగున పడుతుంది. రక్త విరేచనాల బ్యాక్టీరియా అయిన షిగెల్లా కణాలు పది నుంచి వంద దాకా కడుపులోకి వెళ్తే చాలు, రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

కాబట్టి తొలి ప్రాజెక్టుకు ఆ జోలికి వెళ్లకండి. హాని చేయని ఇ.కోలై కె-12 రకం బ్యాక్టీరియాతో చేయి కుదుర్చుకోండి. ఆ తరువాత కూడా రెండో స్థాయి జీవభద్రత (రోగక్రిములు బయటికి పొక్కకుండా చేసే ఏర్పాట్లు) ఉన్న ప్రయోగశాలలో, అనుభవజ్ఞులు పక్కన ఉన్నప్పుడే రోగక్రిములను ముట్టుకోండి. టైఫాయిడ్ క్రిమితో పనిచేసేవారు ముందే టీకా వేయించుకోవాలి.

నాకు అన్నిటికంటే భయం సెల్‌ఫోనుతో. గ్లవ్స్ తీయకుండానే ప్లేటుకు ఫోటో తీస్తారు. సాయంత్రం అదే ఫోనును చెంపకు ఆనించుకుని అమ్మతో మాట్లాడతారు, అదే చేత్తో అన్నం కలుపుతారు. ఫోను గది బయటే ఉంచండి. ప్లేటు మూత తీసి వాసన చూడటం, ద్రవాన్ని కొలిచే గొట్టమైన పిపెట్‌ను నోటితో పీల్చటం ఎంత తొందరలో ఉన్నా వద్దు.

మొక్కను వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించి నిర్ధారించుకోండి. నీటిని తేటపరిచే చిల్లగింజ, విషపూరితమైన ముష్టిగింజ ఒకే ప్రజాతివి. ముష్టిగింజ బిళ్లలా చదునుగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. అందులో స్ట్రిక్నిన్ అనే విషం ఉంది.

ఆకు నుంచి సారం తీయటానికి వాడే ద్రావణి మిథనాల్. దాని సీసా మూత తీసేముందు బర్నర్ ఆర్పారా లేదా చూసుకోండి, మిథనాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. సారంలోని మిథనాల్ పూర్తిగా ఆవిరి కాకముందే అగార్ (ప్లేటులో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద చేసిన గుంటలో పోస్తే బ్యాక్టీరియాను చంపేది ఆకు కాదు, ఆ మిథనాలే. అప్పుడు గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగక వచ్చే తేట వలయం ఉత్త మోసం. పక్క గుంటలో వట్టి ద్రావణి పోసి పోల్చి చూడటం అందుకే తప్పనిసరి.

పని ముగిశాక ప్లేట్లను చెత్తబుట్టలో వేయకూడదు. 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి వద్ద కనీసం అరగంట ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పరికరం) ఉంచాకే పారేయాలి. బల్లను క్రిమిసంహారకంతో తుడిచి, గ్లవ్స్ తీశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఎంత పెద్ద వలయం వచ్చినా ఆ సారాన్ని ఎవరికీ తాగించకండి. అగార్‌లో బాగా పాకే పదార్థం బలమైనదిలా కనిపిస్తుంది, మనిషి పేగుల్లో అది ఏం చేస్తుందో ఆ ప్లేటు చెప్పదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ కలిపి తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.