మ్యూజికల్‌కు వీరాభిమాని కావడం ఎలా?

సినిమా ఒకసారి తీశాక ఎప్పటికీ అలాగే ఉంటుంది. రంగస్థలం మీది మ్యూజికల్, అంటే పాటలతో కథ చెప్పే నాటకం, రోజూ కొత్తగా పుడుతుంది. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ఒక నాటకం మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు ఆడుతుంది, వాటిలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మీరు ప్రాణం పెట్టుకున్న పాత్రకు ఈ ఏడాది ఒక గొంతు, వచ్చే ఏడాది ఇంకో గొంతు. ఆ మార్పును కూడా ఇష్టపడగలిగితే ఈ అభిమానం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

1. పాటలన్నీ వరుసగా వినండి

షఫుల్ ఆపేయండి. పేరొచ్చిన రెండు మూడు పాటలతో మొదలుపెట్టకండి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే కూర్పులో వినండి. ‘హామిల్టన్’ (2015)లో దాదాపు ప్రతి మాటా పాటే కాబట్టి, ఒక చిన్న సన్నివేశం తప్ప నాటకమంతా ఆల్బమ్‌లోనే దొరుకుతుంది. ‘లే మిజరబుల్’కైతే నాటకమంతా ఉన్న కంప్లీట్ సింఫనిక్ రికార్డింగ్ అనే ఆల్బమ్ వెతకండి. ‘వికెడ్’ (2003) లాంటి వాటిలో పాటల మధ్య సంభాషణలు చాలా ఉంటాయి, పక్కన కథాసారం పెట్టుకుంటేనే తెగిన చోట్లు అతుకుతాయి. మొదటిసారి సాహిత్యం చదువుతూ వినండి, రెండోసారి కాగితం పక్కన పెట్టేయండి.

2. బాణీ ఎక్కడ తిరిగొస్తుందో పట్టుకోండి

నా దృష్టిలో అసలైన అభిమానం మొదలయ్యేది ఇక్కడే. మంచి మ్యూజికల్‌లో ఒక బాణీ రెండోసారి ఊరికే రాదు.

‘లే మిజరబుల్’ మొదట్లో దొంగతనం చేసి పట్టుబడిన జాన్ వల్జాన్‌ను బిషప్ క్షమించి వదిలేస్తాడు. ఆ దయకు తట్టుకోలేక అతను ఒంటరిగా ఒక పాట పాడతాడు. చివర్లో, తనను జీవితమంతా వెంటాడిన పోలీసు అధికారి జవేర్ ప్రాణాన్ని అదే వల్జాన్ కాపాడతాడు. ఆ తర్వాత జవేర్ పాడే పాట బాణీ సరిగ్గా మొదటి పాటదే. ఇద్దరికీ ఎదురైంది ఒకే పరీక్ష, అనుకోని క్షమ. ఒకడు దాన్ని తీసుకుని కొత్త మనిషయ్యాడు. రెండోవాడు దాన్ని మోయలేక నదిలోకి దూకాడు. ఈ రెండు పాటలూ వెంటవెంటనే విన్న రోజున జవేర్‌ను విలన్ అనడానికి మీకు నోరు రాదు.

‘హామిల్టన్’లో ఎలైజా తన కొడుకు ఫిలిప్‌కు పియానో నేర్పుతూ ఫ్రెంచ్‌లో తొమ్మిది దాకా అంకెలు పాడిస్తుంది, పిల్లవాడు చివరి అంకెల దగ్గర బాణీ మార్చి అల్లరి చేస్తాడు. కొంతకాలానికి ద్వంద్వయుద్ధంలో గాయపడి అతను చనిపోతుంటే తల్లి మళ్లీ ఆ అంకెలే అందుకుంటుంది. లెక్క పూర్తికాకముందే కొడుకు గొంతు ఆగిపోతుంది. మొదటి పాటను పట్టించుకోకుండా దాటేసినవారికి రెండోది సగమే అందుతుంది.

వినేటప్పుడు చేతిలో ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. ఏ బాణీ, ఎవరి నోట, ఏ సందర్భంలో తిరిగొచ్చిందో ఒక్కో వాక్యంలో రాసుకుంటే చాలు.

3. ఒక పాత్రను ఎంచుకుని మూలం దాకా వెళ్లండి

ఆ పాత్రకు ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి. చాలా మ్యూజికల్స్‌లో కథానాయకుడో నాయికో మొదట్లోనే తన కోరికను పాటగా చెప్పేస్తారు, రంగస్థలం వాళ్లు దాన్ని ‘ఐ వాంట్’ పాట అంటారు. ఆ తర్వాత మూలకథ చదవండి. ‘లే మిజరబుల్’లో మారియస్ అనే యువకుణ్ని మౌనంగా ప్రేమించే ఎపొనీన్ వేదిక మీద త్యాగమూర్తిలా కనిపిస్తుంది. విక్టర్ హ్యూగో 1862 నవలలో ఆమె అంత సాత్వికురాలు కాదు. మారియస్ ప్రేమించిన కొజెట్ అతనికి రాసిన ఉత్తరాన్ని దాచిపెడుతుంది, తనతోపాటు అతనూ చావాలనే మారియస్‌ను పోరాటం జరిగే చోటికి రప్పిస్తుంది. ఇది తెలిశాక ఆమె మీద నా ప్రేమ పెరిగింది. లోపాలతో సహా తెలిసిన పాత్రే మనకు దగ్గరి మనిషవుతుంది.

4. వీలైతే నాటకశాలకు వెళ్లండి

టికెట్ ధర చూసి వెనక్కి తగ్గకండి. 1996లో ‘రెంట్’ బృందం ముందు రెండు వరుసల సీట్లను ఏ రోజు టికెట్లు ఆ రోజే 20 డాలర్లకు అమ్మింది, వాటికోసం అభిమానులు రాత్రంతా వీధిలోనే పడిగాపులు కాసేవారు. ఇప్పుడు చాలా నాటకాలకు లాటరీ టికెట్లు, ఆ రోజు ఆటకు తక్కువ ధరకు అమ్మే రష్ టికెట్లు ఉన్నాయి. వెళ్లలేకపోతే అధికారికంగా చిత్రీకరించిన ప్రదర్శనలు చూడండి. ‘హామిల్టన్’ను 2016లో చిత్రీకరించి 2020 జూలైలో డిస్నీ ప్లస్‌లో విడుదల చేశారు. హాల్లో దొంగచాటుగా ఫోన్‌తో తీసిన వీడియోల జోలికి పోవద్దు. మీరైతే అసలే తీయవద్దు, వెలుగుతున్న తెర పక్కవారికీ వేదిక మీదివారికీ ఇబ్బంది.

5. అండర్‌స్టడీ వచ్చిన రోజును పండగ అనుకోండి

అసలు నటులు రాలేని రోజున వారి బదులు ఆడేవారే అండర్‌స్టడీ. ఈ రోజు ఫలానా పాత్రలో ఫలానావారు నటిస్తారని కార్యక్రమ పుస్తకంలో చీటీ కనిపిస్తే చాలామంది నీరుగారిపోతారు. నిజానికి అది అదృష్టం. స్వింగ్‌గా, అంటే బృందంలో ఎవరు రాకపోతే వారి చోట ఆడేందుకు, పనిచేసేవారు అనేక పాత్రల పాటలు, అడుగులు, నిలబడే చోట్లు అన్నీ గుర్తుంచుకుని, ఎప్పుడు పిలుపొచ్చినా సిద్ధంగా ఉండాలి. 1954లో ‘ద పజామా గేమ్’లో గాయపడిన నటి బదులు వేదికెక్కిన షర్లీ మెక్‌లేన్ అక్కడి నుంచే సినిమాల్లోకి వెళ్లింది. కొత్త నటి ఏ మాట దగ్గర ఆగింది, ఎక్కడ నవ్వింది, ఏ పాటను తగ్గించి పాడింది? ఆ తేడాలూ మీ నోటుపుస్తకంలోకి ఎక్కాలి.

6. పాత్రను, నటుణ్ని కలిపేయకండి

ఆట అయ్యాక స్టేజ్ డోర్, అంటే నటులు వచ్చిపోయే గుమ్మం, దగ్గర నటులు ఒక్కోసారి సంతకాలు పెడతారు, మాట్లాడతారు. అది వాళ్ల సహృదయత, మనకు హక్కేమీ లేదు. రెండు ముక్కల్లో ధన్యవాదాలు చెప్పి, వెనకున్నవారికి దారివ్వండి.

7. నాటకం ఆగిపోయినా మీరు ఆగకండి

‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ బ్రాడ్‌వేలో 13,981 ఆటలు ఆడి 2023 ఏప్రిల్ 16న ముగిసింది, లండన్‌లో మాత్రం కొనసాగింది. ‘లే మిజరబుల్’ బ్రాడ్‌వేకి 2006లో, మళ్లీ 2014లో తిరిగొచ్చింది. దానికి విద్యార్థుల కోసం వేరే కూర్పు కూడా ఉంది. ఎక్కడైనా పిల్లలు ఆడుతున్నారని తెలిస్తే తప్పక వెళ్లండి. పదహారేళ్ల జవేర్ ఆ చివరి పాటను ఎలా పాడతాడో ముందు వరుసలో కూర్చుని వినండి.