వేడెక్కాక పరుగు ఆపని చెయిన్‌సా: లోపం కార్బురేటర్‌లో లేదు

నా దగ్గర ఉన్నది వృత్తిపనివాళ్లు వాడే 70 సీసీ రకం. ఈ తరగతికి మంచి పేరు రావడానికి బలం ఒక్కటే కారణం కాదు, విప్పడం కూడా తేలిక. క్రాంక్‌కేసు, అంటే ఇంజను అడుగు పెట్టె, మెగ్నీషియం మిశ్రలోహంతో, నిలువుగా రెండు భాగాలుగా ఉంటుంది. నాలుగు బోల్టులు తీస్తే సిలిండర్ విడిగా పైకి వచ్చేస్తుంది. చవక రకాల్లో చాలావాటికి ఇంజను మొత్తం ప్లాస్టిక్ ఒంట్లోంచి బయటికి తీయాల్సిందే.

వేడెక్కాక ఐడిల్ వేగం, అంటే త్రాటిల్ నొక్కనప్పటి ఇంజను వేగం, దానంతటదే పెరిగేది. త్రాటిల్ వదిలినా వెంటనే దిగేది కాదు. కార్బురేటర్‌లో తక్కువ వేగానికి పెట్రోలు పాళ్లు సరిచేసే ఎల్ స్క్రూ తిప్పితే కాసేపు సర్దుకుని మళ్లీ మొదటికే. ఇది ఎక్కడినుంచో అదనపు గాలి చొరబడుతున్న లక్షణం. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే, అందులో కలిసి రావాల్సిన నూనె కూడా తగ్గుతుంది. పిస్టన్ గీసుకుపోయి బిగుసుకుంటుంది. అందుకే ముందు మఫ్లర్ (పొగగొట్టం డబ్బా) తీసి, ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూశాను. అదృష్టం, నునుపుగానే ఉంది.

ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి సబ్బునీళ్లు రాశాను. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం దగ్గర బుడగలు! వంచితే తప్ప కనిపించని చీలిక. కొత్తది వేశాక, లోపలి గాలి లాగి చూసే వాక్యూమ్ పరీక్ష కూడా చేశాను. ఒత్తిడికి ఆగిన క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపేవి) వాక్యూమ్‌కు లీకవ్వవచ్చు, చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు. పంపు గేజు సూది కదల్లేదు, అంటే లీకు లేదు.

చివరగా ఇంజను వేడిమీద ఎల్ స్క్రూ సరిచేసి, ఐడిల్‌లో చెయిన్ కదలకుండా చూసుకున్నాను. ఎక్కువ వేగానికి పెట్రోలు పాళ్లు సరిచేసే హెచ్ స్క్రూ మాత్రం చెవితో కాదు, ఇంజను వేగం కొలిచే టాకోమీటర్‌తోనే, మాన్యువల్ చెప్పిన గరిష్ఠ వేగం దాటకుండా.