బొగ్గు ఉపరితలం చదవడం: 3వ పాఠం – శూన్య ఆవేశ బిందువు కొలవడం

ఒక గ్రాము యాక్టివేటెడ్ కార్బన్‌లో (సన్న రంధ్రాలు ఎక్కువగా ఉండేలా తయారుచేసిన బొగ్గులో) వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉండొచ్చని కిందటి పాఠంలో చూశాం. చాలామంది ఆ అంకె చూసే కార్బన్ కొంటారు. అయితే వైశాల్యం సమానంగా ఉన్న రెండు కార్బన్‌లలో ఒకటి నీళ్లలోని సీసం (లెడ్) లోహాన్ని బాగా పట్టుకుని, రెండోది చాలావరకు వదిలేయవచ్చు. ఆ తేడా చాలాసార్లు కార్బన్ పొరల అంచులకు అంటుకున్న ఆక్సిజన్ వల్ల వస్తుంది.

ఆ అంచుల్లో కార్బాక్సిల్, లాక్టోన్, ఫినాల్ సమూహాలు ఉంటాయి. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ ఇవి హైడ్రోజన్ అయాన్లను వదిలేస్తాయి, ఉపరితలానికి రుణావేశం వస్తుంది. పీహెచ్ తగ్గితే ఉపరితలం ప్రోటాన్లను పట్టుకుని ధనావేశం వైపు వెళ్తుంది. రెండూ సరిసమానమయ్యే పీహెచ్ శూన్య ఆవేశ బిందువు. దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలేమీ వద్దు, క్యాలిబ్రేట్ చేసిన పీహెచ్ మీటర్ ఉంటే చాలు.

ముందుగా కార్బన్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. కొబ్బరి చిప్పల బొగ్గయితే ఈ పని అస్సలు మానకండి. దాని బూడిదలోని పొటాషియం లవణాలు నీళ్లలోకి దిగితే పీహెచ్ పెరిగిపోతుంది, మీరు కొలిచేది బూడిదనే అవుతుంది. మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లతో 0.01 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం చేయండి. మరిగించేది కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోవడానికి. ఐదు సీసాల్లో 50 మి.లీ. చొప్పున పోసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌లతో పీహెచ్‌ను 2, 4, 6, 8, 10కి తెండి. ఒక్కో సీసాలో 0.15 గ్రాముల కార్బన్ వేసి, మూత బిగించి 48 గంటలు షేకర్ మీద ఉంచండి. పోల్చి చూడటానికి కార్బన్ వేయని సీసాలు కూడా పక్కన పెట్టుకోవాలి.

తర్వాత మళ్లీ పీహెచ్ చూడండి. మొదటి పీహెచ్ అడ్డంగా, చివరి పీహెచ్ నిలువుగా గ్రాఫ్ గీస్తే, రెండూ సమానమయ్యే వాలు గీతను మీ వక్రరేఖ దాటే చోటే జవాబు.

ఆ బిందువు కంటే ఎక్కువ పీహెచ్‌లో ధనావేశం గల మిథిలీన్ బ్లూ అనే రంగు, సీసం అయాన్లు బాగా అంటుకుంటాయి. సీసం విషయంలో పీహెచ్ మరీ పెంచకండి. హైడ్రాక్సైడ్‌గా అడుగున పేరుకున్నదాన్ని కూడా అధిశోషణమే (కార్బన్ ఉపరితలానికి అంటుకోవడమే) అనుకుంటారు. నత్రికామ్లంతో ఆక్సీకరిస్తే బిందువు కిందికి దిగుతుంది. నైట్రోజన్‌లో 900 డిగ్రీలకు వేడిచేస్తే ఆమ్ల సమూహాలు ఊడిపోయి పైకి జరుగుతుంది.

నీళ్లలో కాలుష్యంగా ఉండే ఫినాల్ దగ్గర ఈ లెక్క పనిచేయదు. పీహెచ్ 8 లోపు దానికి దాదాపు ఆవేశమే ఉండదు. పైగా ఆక్సీకరించిన కార్బన్ ఫినాల్‌ను తక్కువే పట్టుకుంటుంది. ఆమ్ల సమూహాల చుట్టూ నీటి అణువులు గుమిగూడి దారికి అడ్డుపడతాయి. ఆ సమూహాలు కార్బన్ పొరలోని ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కోవడంతో ఫినాల్ వలయానికి, పొరకు మధ్య ఆకర్షణ కూడా తగ్గుతుంది. కాబట్టి ‘ఆమ్లంతో ట్రీట్ చేసిన కార్బన్’ అని ప్యాకెట్ మీద ఉంటే మురిసిపోకుండా, దేని కోసం చేశారని అడగండి.

అభ్యాసం: వైశాల్యం ఒకటే అయిన రెండు కార్బన్‌ల బిందువులు 4.2, 8.8. పీహెచ్ 6.5 ఉన్న నీళ్లలో సీసం జాడలు, ఫినాల్ రెండూ ఉన్నాయి. దేనికి ఏ కార్బన్ వాడతారు, ఎందుకు? జవాబు 4వ పాఠంలో, ఉపరితలంలోని ఆమ్ల సమూహాలను లెక్కించే బోహమ్ టైట్రేషన్‌తో పాటు.