పంట బోదెలో నీటి వడి, ప్రవాహం కొలవడం: 7, 8 తరగతుల పిల్లలతో చేయించే పద్ధతి

దూరాన్ని కాలంతో భాగిస్తే వడి వస్తుందని ఏడో తరగతి పిల్లలెవరైనా చెబుతారు. వాళ్లనే బోదె (పొలాల పక్కన నీరు పారే సన్న కాలువ) గట్టు మీద నిలబెట్టి ఈ నీరు ఎంత వడితో పోతోందని అడిగితే, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో తేలక ఆగిపోతారు. సూత్రం నోటికి వచ్చింది కానీ కొలత చేతికి రాలేదు. గోదావరి డెల్టాలో దాన్ని నేర్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు కాలువల్లోంచి పిల్లకాలువల్లోకి, అక్కడి నుంచి తూముల గుండా పొలాల పక్క బోదెల్లోకి చేరుతోంది. పొడవు, కాలం, వైశాల్యం, ఘనపరిమాణం, ఘర్షణ అన్నీ ఆ బోదెలోనే కొలిచి చూపించవచ్చు.

సార్వాలోనో (వానాకాలపు పంట) దాళ్వాలోనో (రెండో పంట) బోదె నిండుగా పారే రోజు చూసుకోండి. వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక ఈ పని కుదరదు.

ముందురోజు బడిలో ఒక చిన్న పని చేయించండి. 15 లీటర్ల బకెట్‌ను కుళాయి కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడమనండి. 30 సెకన్లు పడితే ఆ కుళాయి ప్రవాహం సెకనుకు అర లీటరు. ప్రవాహం అంటే ఒక సెకనులో వచ్చిపడే నీటి ఘనపరిమాణం అని ఇక్కడే స్థిరపడాలి. బోదెను బకెట్‌లో పట్టలేం కాబట్టి అదే లెక్కను మరో దారిలో చేస్తాం: నీటి అడ్డుకోత (పారే నీటిని అడ్డంగా కోసినట్టు ఊహిస్తే కనిపించే ముఖం) వైశాల్యాన్ని వడితో గుణిస్తాం.

ఏ బోదె, ఏ చోటు

నీరు పిల్లల మోకాలు దాటని బోదె మాత్రమే ఎంచుకోండి. పెద్ద కాలువ, లాకుల దగ్గర, మురుగు కాలువ ఈ పనికి వద్దు. రైతును అడిగి, ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు గట్టు మీద ఉండగా మొదలుపెట్టండి. గట్టు గడ్డిలో పాములు ఉంటాయి, ముందు ఒక పెద్దమనిషి కర్రతో తట్టుకుంటూ నడవాలి.

కనీసం 15 మీటర్లు వంపు లేకుండా, వెడల్పు పెద్దగా మారకుండా ఉన్న చోటు కావాలి. గుర్రపుడెక్క, నాచు, మధ్యలో అడ్డుకట్ట ఉంటే అక్కడ కొలవకండి. తూము నోటి దగ్గర నీరు సుడి తిరుగుతుంది, దానికి కొంత దూరంగా దిగువకు రండి.

కావలసినవి: 10 మీటర్ల టేపు, నాలుగు కర్రలు, పురికొస, సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన నిలువు కర్ర, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక నోటుపుస్తకం, మూత ఉన్న 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా.

ఆ సీసా విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. కాగితం పడవ, ఎండుటాకు, థర్మోకోల్ ముక్క నీటి పైన తేలుతూ గాలికి కొట్టుకుపోతాయి. డెల్టాలో పొలాల మీద గాలికి అడ్డేమీ ఉండదు, మధ్యాహ్నం మరీ ఎక్కువ. అప్పుడు మీరు కొలిచేది కొంత నీటిని, కొంత గాలిని. సీసాలో నీళ్లు పోసి, ఒక వేలు మందం గాలి మాత్రం మిగిల్చి మూత బిగించండి. అది దాదాపు మునిగి, పైభాగం కొద్దిగా కనిపిస్తూ తేలుతుంది. గాలికి పట్టు దొరకదు, నీరు ఎలా పోతే అలా పోతుంది. మెడకు ఎర్ర దారం కడితే బురద నీటిలోనూ కనబడుతుంది. పని అయ్యాక దాన్ని బోదెలో వదిలేయకండి.

వడి

గట్టు వెంట 10 మీటర్లు కొలిచి, మొదట్లోనూ చివరా రెండు గట్ల మీదా ఎదురెదురుగా కర్రలు పాతండి. ఎదురెదురు కర్రల మధ్య పురికొస బిగువుగా కట్టండి, నీటికి అడ్డంగా, కాలువకు సరిగ్గా లంబంగా. వాలుగా కడితే మధ్యలో దూరం ఒకటి, అంచున మరొకటి అవుతుంది.

సీసాను మొదటి తాడుకు రెండు మూడు మీటర్లు ఎగువన మెల్లగా వదలాలి. తాడు దగ్గరే వదిలితే అది నీటి వడిని అందుకునేలోపే గడియారం నడవడం మొదలవుతుంది, కాలం ఎక్కువ వస్తుంది. ఒకరు మొదటి తాడు కింద సీసా దాటగానే చేయి దించాలి. గడియారం ఉన్నవారు రెండో తాడుకు సూటిగా నిలబడి, ఆ చేయి చూసి మొదలుపెట్టి, సీసా తమ తాడు దాటగానే ఆపాలి. పక్కకు నిలబడి చూస్తే దాటకముందే దాటినట్టో, దాటాక కూడా దాటనట్టో కనిపిస్తుంది.

మధ్యలో రెండుసార్లు, ఎడమ పక్క రెండుసార్లు, కుడి పక్క రెండుసార్లు వదలండి. గట్టుకు తగిలినా గడ్డిలో చిక్కినా ఆ కొలతను కొట్టేసి మళ్లీ చేయండి. ఒక ఉదాహరణ చూద్దాం.

మధ్యలో: 22, 23 సెకన్లు
ఎడమ: 26, 27 సెకన్లు
కుడి: 26, 26 సెకన్లు

మొత్తం 150, సగటు 25 సెకన్లు. 10 మీటర్లను 25తో భాగిస్తే సెకనుకు 0.40 మీటర్లు.

ఈ అంకెలను వెంటనే చెరిపేయకండి. మధ్యలో 22, అంచున 26 ఎందుకు వచ్చిందని పిల్లల్నే అడగండి. గట్టు మట్టి నీటిని పట్టి వెనక్కి లాగుతోంది, అదే ఘర్షణ. మరి అడుగున కూడా మట్టే కదా? అయితే అడుగు నీరు కూడా పై నీటికంటే నెమ్మదిగానే పోతుండాలి. తమ చేతి కొలతల నుంచే పిల్లలు ఈ మాటకు రావాలి, మనం ముందే చెప్పేయకూడదు. సీసా పై పొర వడినే చూపిస్తుంది కాబట్టి, మట్టి అడుగున్న చిన్న బోదెలకు దాన్ని సుమారు 0.8తో గుణించి మొత్తం నీటి సగటు వడి తీసుకుంటాం. 0.40 × 0.8 = 0.32. అడుగున నాచు ఉంటే ఇంకా తగ్గుతుంది.

దూరం 3 మీటర్లే పెట్టుకుంటే ఏం పోయింది అని ఎవరైనా అడగవచ్చు. చూసి మీట నొక్కడంలో 0.3 సెకను అటూఇటూ పోవడం మామూలే. 3 మీటర్లకు ఈ నీటికి ఏడున్నర సెకన్లు పడుతుంది, అందులో 0.3 అంటే నూటికి 4. 25 సెకన్లలో 0.3 అంటే నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. అందుకే ఫోను 25.37 చూపినా 25 అని రాయడమే నిజాయితీ. ఫోనులో 1:05 కనిపిస్తే అది 65 సెకన్లు. దాన్ని 1.05 అని రాసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు.

అడ్డుకోత వైశాల్యం

మొదటి తాడు దగ్గర నీటి వెడల్పు 1.2 మీటర్లు అనుకుందాం. ఒక అంచు నుంచి ప్రతి 20 సెంటీమీటర్లకు నిలువు కర్ర దించి లోతు చూడండి. కర్రను బురదలోకి గుచ్చవద్దు, అడుగు తగలగానే ఆపాలి. వచ్చిన లోతులు 18, 27, 30, 28, 17 సెంటీమీటర్లు.

వీటి మొత్తం 120. దీన్ని 5తో భాగించి సగటు లోతు 24 అంటే తప్పు. రెండు అంచుల్లో లోతు సున్నా అని మరిచిపోయాం. కొలిచినవి అయిదు చోట్లయినా బోదె ఆరు పట్టీలుగా చీలింది. 120ని 6తో భాగిస్తే 20 సెంటీమీటర్లు. 5తో భాగిస్తే నీరు నూటికి 20 వంతులు ఎక్కువ కనబడుతుంది. ఇది ఏటవాలు మట్టి గట్లకు. సిమెంటు గోడల బోదెలో అంచున కూడా లోతు ఉంటుంది, అక్కడ రెండు అంచుల లోతుల్లో సగం సగం కలిపి ఆరుతో భాగించాలి.

1.2 × 0.20 = 0.24 చదరపు మీటర్లు. లోతును మీటర్లలోకి మార్చకుండా గుణిస్తే జవాబు నూరు రెట్లు పెరుగుతుంది. రెండో తాడు దగ్గర కూడా ఇలాగే కొలిచి, రెండింటి సగటు తీసుకుంటే మంచిది.

ప్రవాహం

0.24 × 0.32 = 0.0768 ఘనపు మీటర్లు, ప్రతి సెకనుకు. ఒక ఘనపు మీటరు 1000 లీటర్లు, కాబట్టి సెకనుకు సుమారు 77 లీటర్లు. నిన్నటి బకెట్లు అయిదు ఒక్క సెకనులో నిండుతాయి.

వరద రోజుల్లో వార్తల్లో వినే క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28.3 లీటర్లు. 77ను దానితో భాగిస్తే మన బోదె 2.7 క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. ఈ లెక్క చేసిన పిల్లలకు ఆ మాట ఇక ఒట్టి పెద్ద అంకెగా వినిపించదు.

ఇంటికి తీసుకెళ్లే లెక్క ఒకటి ఇవ్వండి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. దానిలో 5 సెంటీమీటర్ల నీరు నిలబెట్టాలంటే 202 ఘనపు మీటర్లు కావాలి. 202ను 0.0768తో భాగిస్తే 2630 సెకన్లు, అంటే 44 నిమిషాలు. పొలంలో నిజంగా ఇంతకంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే కొంత నీరు ఇంకుతుంది, కొంత గట్టు కన్నాల్లోంచి పోతుంది. దాళ్వాలో వంతుల మీద నీరు పెట్టుకునే ఇళ్ల పిల్లలు పెద్దవాళ్లను అడిగి, అసలు ఎంతసేపు పడుతుందో పోల్చి చూడవచ్చు.

ఎనిమిదో తరగతి వాళ్లకు ఇంకొక మెట్టు. అదే బోదె కాస్త దిగువన సన్నబడి అడ్డుకోత 0.16 చదరపు మీటర్లు అయిందనుకోండి. మధ్యలో నీరు ఎక్కడా మళ్లకపోతే సెకనుకు వచ్చే నీరు మారదు కాబట్టి వడి పెరగాలి. పై పొర వడి 0.24 × 0.40 ÷ 0.16 = 0.60 వస్తుందని ముందే రాయించి, తర్వాతే సీసా వదలండి. 5 మీటర్ల దూరానికి 8 సెకన్ల పైచిలుకు రావాలి. 12 సెకన్లు వస్తే మధ్యలో ఏదో మడి గండి నుంచి నీరు బయటికి పోతోందేమో, లేదా లోతులు తప్పు కొలిచామేమో చూడమనండి.

సముద్రానికి దగ్గరి ఊళ్ల వాళ్లు ఒకటి గమనించాలి. కోనసీమ దిగువన, నరసాపురం వైపు పోటు వచ్చినప్పుడు మురుగు కాలువల్లో నీరు ఆగుతుంది, ఒక్కోసారి ఎగువకు కూడా నడుస్తుంది. ఆ చోట గట్టు మీద నుంచే చూస్తూ, పోటు, ఆటు వేళల్లో తేలే చెత్త ఏ దిక్కుకు పోతోందో గంట గంటకూ రాసుకోమనండి. వడితో పాటు దిక్కు కూడా చెప్పాల్సిన వేగం అనే పాఠాన్ని తొమ్మిదో తరగతిలో ఆ కాగితంతోనే మొదలుపెట్టవచ్చు.