పాత స్పోర్ట్స్ కారుకు అసలు రంగు, అసలు అండర్‌కోటింగ్: గీకే ముందు ఏం చూడాలి

పాత కారు చేతికి రాగానే అందరికీ గ్రైండర్ పట్టుకోవాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఒకసారి మొత్తం గీకేశాక ఫ్యాక్టరీలో ఏ రంగు వేశారు, కారు అడుగున తుప్పు పట్టకుండా ఏం పూశారు (అదే అండర్‌కోటింగ్), ఎంతవరకు పూశారు అని తెలుసుకోవడానికి కారు మీద ఏమీ మిగలదు. మొదటి వారం టార్చి, ఫోన్ కెమెరా, నోట్‌బుక్ తప్ప ఇంకేమీ ముట్టుకోకండి.

ముందు రంగు పేరు పట్టుకోవాలి. పాత పోర్షా 911 అయితే డోర్ కీళ్లుండే పిల్లర్ మీద చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీద పెయింట్ నంబర్ కొట్టి ఉంటుంది. 1963 నుంచి 1967 వరకు వచ్చిన కొర్వెట్‌లో గ్లవ్ బాక్స్ కింద ట్రిమ్ ట్యాగ్ (రంగు, లోపలి ఫినిష్ కోడ్‌లు కొట్టిన ప్లేటు) చూడండి. 1963 కారులో అక్కడ 916 అని ఉంటే అది డేటోనా బ్లూ, 923 అని ఉంటే రివర్‌సైడ్ రెడ్. జాగ్వార్ ఈ-టైప్ ఉన్నవాళ్లు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్‌కు రాసి సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చు, కారు తయారైనప్పటి రంగు అందులో ఉంటుంది. ఎంజీ, ఆస్టిన్-హీలీ కార్లకు ఇదే పని గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం చేస్తుంది.

కానీ కాగితంలో దొరికేది పేరు మాత్రమే. అసలు షేడ్ కారు మీదే వెతకాలి, అదీ ఎండ తగలని చోట. డోర్ రబ్బరు కింద, డ్యాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, లైట్ల వెనక. నేనొక ఎంజీబీ టెయిల్ లైట్ విప్పినప్పుడు రబ్బరు గ్యాస్కెట్ కింద రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ కనిపించింది. బయటంతా వెలిసిపోయి నారింజ రంగులోకి తిరిగిన కారుకు ఆ పట్టీ ఒక్కటి ముదురు ఎరుపులో ఉంది. దాన్నీ అలాగే మ్యాచ్ చేయకూడదు. రబ్బింగ్ కాంపౌండ్‌తో మెల్లగా రుద్దితే పైన చచ్చిపోయిన పొర గుడ్డకు వచ్చేస్తుంది, కింద మెరిసేదే మీకు కావాల్సిన రంగు. దాన్ని పగటి వెలుతురులో, నీడలో పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా కలిసినట్టున్న రంగు బయటికి తెస్తే వేరేగా ఉండొచ్చు.

ఇక పెయింట్ రకం. మనం మాటవరసకు డూకో అంటామే, అది డ్యూపాంట్ వాళ్ల నైట్రోసెల్యులోజ్ లాకర్ (థిన్నర్ ఆవిరైపోగానే ఆరిపోయే రంగు) పేరు. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు జనరల్ మోటార్స్ దాన్ని వాడింది. అంతకుముందు వార్నిష్ రంగులు వేసి ఆరబెట్టడానికి రోజులు, వారాలు పట్టేది. తర్వాత అక్రిలిక్ లాకర్, ఎనామెల్ (గాలికో వేడికో గట్టిపడే రంగు) వచ్చాయి. కొర్వెట్ 1981లో సెయింట్ లూయిస్ నుంచి బౌలింగ్ గ్రీన్ ప్లాంటుకు మారినప్పుడే లాకర్ వదిలి రంగు పొర (బేస్‌కోట్), దాని మీద రంగులేని మెరుపు పొర (క్లియర్‌కోట్) వేసే పద్ధతికి మారింది. అంటే 1967 కొర్వెట్‌కు క్లియర్‌కోట్ వేస్తే ఆ కారు ఏనాడూ వేసుకోని వేషం వేసినట్టే.

మీ కారు మీద ఉన్నదేంటో తెలియాలంటే కనపడని మూల చూసుకుని దూదికి లాకర్ థిన్నర్ అద్ది రుద్దండి. రంగు తేలిగ్గా దూదికి ఎక్కితే లాకర్. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే ఎవరో తర్వాత టూ-కె పెయింట్ (హార్డెనర్ కలిపి వేసేది) కొట్టించారని అర్థం. ఈ పరీక్ష చేయకుండా ఒకసారి పాత ఎనామెల్ మీద నేరుగా లాకర్ కొట్టాను. పది నిమిషాల్లో బానెట్ మొత్తం ముడతలు తేలింది, మళ్లీ రేకు దాకా గీకాల్సి వచ్చింది.

ఏది వేయాలి? కారు పోటీలకు, జడ్జింగ్‌కు వెళ్లేదైతే అసలు రకమే వేయండి. లాకర్‌ను పలచటి కోట్లుగా వేయాలి, ఆరనివ్వాలి, 1000 లేదా 1200 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి, ఆ తర్వాతే పాలిష్. అది వారాల తరబడి కుంచించుకుంటూనే ఉంటుంది కాబట్టి తొందరపడి పాలిష్ చేస్తే కింది ఎమెరీ గీతలు తర్వాత పైకి తేలతాయి. మందంగా వేస్తే కొన్నాళ్లకు పగుళ్లు ఖాయం. అప్పటి ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం సుమారు 100 మైక్రాన్లు, అంతే. రోజూ నడిపే కారైతే, మెటాలిక్ కాని మామూలు రంగైతే, క్లియర్ లేని సింగిల్ స్టేజ్ టూ-కె వేసి కాస్త పాలిష్ పట్టించడం నాకు నిజాయితీగా అనిపించే మధ్యేమార్గం. టూ-కె హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు కార్బన్ మాస్కును నమ్ముకోకండి, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట: 2004 నాటి ఈయూ నిబంధన వల్ల లాకర్ అమ్మకం మీద పరిమితులున్నాయి, అయితే పాతకాలపు వాహనాల కోసం ప్రత్యేక అనుమతి ఇచ్చే వీలు అందులోనే ఉంది.

ఇప్పుడు కారు కిందకి వెళ్దాం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కింద నల్లగా మందంగా ఉన్నదంతా ఫ్యాక్టరీదే అనుకుంటారు. ఈ-టైప్ అడుగుభాగం, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌ను మోసే చట్రం) బాడీ రంగులోనే వచ్చేవి, నల్ల తారు పూత చాలా కార్లకు తర్వాత డీలర్ల దగ్గరో ఓనర్ల చేతుల్లోనో చేరింది. ఆ తారు ఎండి పగిలాక నీళ్లు లోపలికి దూరి అక్కడే నిలిచిపోతాయి, పైకి చూస్తే గట్టిగానే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తుప్పు పెచ్చులు రాలతాయి.

తీసేటప్పుడు మెషీన్‌కు బిగించిన వైర్ బ్రష్ పెట్టకండి, తారు వేడెక్కి అంతటా పులుముకుంటుంది. హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టి, మొద్దు అంచున్న స్క్రేపర్‌తో పొర లేపండి, మిగిలిన జిడ్డును కిరోసిన్ లాంటి సాల్వెంట్‌తో తుడవండి. డబ్బు పెట్టగలిగితే డ్రై ఐస్ బ్లాస్టింగ్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గుళికలను గాలి ఒత్తిడితో కొట్టడం) మేలు, కింది పెయింట్ బతుకుతుంది. కొన్ని పాత అండర్‌కోట్లలో ఆస్‌బెస్టాస్ పీచు కలిపేవారు, అనుమానముంటే ఓ ముక్క ల్యాబ్‌కు పంపి రిపోర్టు వచ్చేదాకా గీకొద్దు, వేడి చేయొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దడం కూడా వద్దు. 1976 మోడల్ నుంచి 911 బాడీ రేకుకు జింక్ పూత ఉంటుంది, గ్రైండర్ పెట్టి దాన్ని పోగొట్టుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, పూత ఆగిపోయే అంచు కోసం చూడండి. వీల్ ఆర్చ్ లోపల ఒకచోట బ్లేడుతో నిటారుగా చిన్న కోత పెట్టి భూతద్దంతో చూస్తే పొరలు వరుసగా కనిపిస్తాయి. రేకు, ప్రైమర్, అండర్‌కోట్, దాని మీద బాడీ రంగు అని ఉంటే పూత రంగుకు ముందే ఫ్యాక్టరీలో పడి ఉండొచ్చు. రంగు మీద నలుపు ఉంటే అది రంగు తర్వాత పూసింది. నట్ల మీద, బ్రేక్ పైపుల మీద, బుష్‌ల మీద కూడా ఆ నలుపు పడి ఉంటే కారు పూర్తిగా బిగించాక ఎవరో కొట్టారని దాదాపు నమ్మొచ్చు. స్కేలు పక్కన పెట్టి ఆ అంచులన్నీ ఫోటో తీసుకోండి.

మళ్లీ వేసేటప్పుడు శుభ్రమైన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీమ్ సీలర్, ఆ తర్వాతే అండర్‌కోట్. దాని మీద బాడీ రంగు రావాలంటే తారు రకం అసలు పనికిరాదు, గోధుమ మరకలు పైకి ఊరతాయి, పెయింట్ పట్టే రకమే కొనండి. గరుకుదనం షుట్జ్ గన్ (అండర్‌కోట్ కొట్టే గన్) గాలి ఒత్తిడిని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందు అట్టల మీద కొట్టి మీ ఫోటోలతో పోల్చండి. ఫ్యాక్టరీ గన్ వదిలేసిన మూలలు మీరూ వదిలేయండి. రక్షణ కావాలంటే దాని మీద రంగులేని వ్యాక్స్ కొట్టుకోవచ్చు, కావాలనుకున్నప్పుడు తుడిచేయొచ్చు. డ్రెయిన్ రంధ్రాలకు ముందే టేపు వేసి, చివర్లో తీసి, తీగ దూర్చి చూడండి. బోలు భాగాల్లో కొట్టే వ్యాక్స్ మాత్రం పెయింట్ పని పూర్తిగా అయిపోయాకే, అది ముందే గాల్లో తేలిందంటే కొత్త రంగు మీద ఫిష్ ఐలు (చేపకళ్లలాంటి చిన్న గుంటలు) పడతాయి.